తేదీకి దోషమేమున్నది?



కొన్నేళ్ళ క్రితం నవంబరు 5వ తేదీ ఉదయం మా మదరసా విద్యార్థి ఒకడు దినపత్రిక పట్టుకొని మా దగ్గరకు వచ్చాడు. ‘చరిత్రలో ఈ రోజు’ అన్న శీర్షిక కింద రెండు సంఘటనలు పక్కపక్కనే ఉన్నాయి. 1605లో లండన్ పార్లమెంటును పేల్చివేసే కుట్ర బయటపడిన రోజు అది. 2013లో మన శ్రీహరికోట నుంచి మంగళయాన్ బయలుదేరిన రోజూ అదే. “హజరత్, ఇంతకీ ఇది మంచి రోజా, చెడ్డ రోజా?” అని అడిగాడు.

ఆనాడే జుహర్ నమాజు తరువాత చందర్లపాడు దగ్గరి పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెళ్ళికొడుకు గల్ఫ్ నుంచి వచ్చాడు. సెలవు నెలాఖరుకు ముగుస్తుంది. మళ్ళీ రావాలంటే రెండేళ్ళు. వచ్చే శుక్రవారం నికాహ్ జరిపిద్దామంటే పెళ్ళికూతురి దాదీమా ససేమిరా అంటున్నది. కారణం, అది సఫర్ నెల. ఆమె పెద్ద కూతురి నికాహ్ సఫర్‌లోనే జరిగింది. ఏడాది తిరగకముందే అల్లుడు మరణించాడు.

ఉదయం పిల్లవాడు అడిగినదీ, మధ్యాహ్నం ఆ తల్లి మనసులో మెదిలినదీ ఒకటే ప్రశ్న.

లండన్ కథ ముందు చూద్దాం. మొదటి జేమ్స్ రాజుగా ఉన్న ప్రొటెస్టంటు ఇంగ్లండులో కాథలిక్కుల ఆరాధనపై నిషేధాలు, జరిమానాలు ఉండేవి. విసిగిన కొందరు కాథలిక్కులు రాబర్ట్ కేట్స్‌బీ నాయకత్వంలో పార్లమెంటు కింది గదిలో 36 పీపాల తుపాకిమందు దాచారు. నవంబరు 4 అర్ధరాత్రి వేళ గై ఫాక్స్ అనే వ్యక్తి అక్కడ పట్టుబడ్డాడు. ఏటా ఆ తేదీన చర్చిలలో కృతజ్ఞతా ప్రార్థన జరగాలని పార్లమెంటు చట్టం చేసింది. 1859 దాకా అది అమలులో ఉన్నది. 1688లో సరిగ్గా నవంబరు 5నే విలియం తన సేనతో టార్‌బే తీరాన దిగగా, ఆ తేదీని దేవుడే తమకోసం ఎంచాడని ప్రొటెస్టంటులు పొంగిపోయారు. మరి అదే తేదీ కాథలిక్కుల ఇళ్ళకు ఎలా వచ్చేది? కుట్ర పన్నినవారు పదమూడు మంది. నింద మోసినది సమాజమంతా. పార్లమెంటులో కూర్చునే హక్కు కోసం వారు 1829 వరకు ఆగవలసి వచ్చింది. కొందరి నేరానికి అందరూ తల వంచుకొని తిరగడమంటే ఏమిటో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక మంగళయాన్. కుజగ్రహానికి అనుకూలమైన దారి సుమారు 26 నెలలకొకసారి మాత్రమే తెరచుకుంటుంది. మొదట అక్టోబరు 28న ప్రయోగించాలనుకున్నారు. రాకెట్టును సముద్రం మీది నుంచి గమనించవలసిన రెండు ఓడలలో ఒకటి, పసిఫిక్ మహాసముద్రంలో వాతావరణం అనుకూలించక ఆలస్యమైంది. అందువల్ల నవంబరు 5 ఖాయమైంది. అది మంగళవారం! మంగళవారం మంచి పని మొదలుపెట్టరాదనే మాట మన ఊళ్ళలో విననివారు లేరు. అయినా మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు రాకెట్టు లేచింది. 2014 సెప్టెంబరు 24న నౌక కుజుని కక్ష్యలో చేరింది. ఆరు నెలల పనికి పంపినది ఏడేళ్ళకు పైగా పనిచేసింది. దానిని గమ్యం చేర్చినది లెక్క, శ్రమ, అల్లాహ్ అనుగ్రహం, వారం కాదు.

ఇంకొక విశేషమున్నది. ఆ రెండు తేదీలు నిజానికి ఒకటి కావు. 1582లో పోపు గ్రెగరీ క్యాలెండరును సవరింపజేశాడు. పోపు చేసిన సవరణ అన్న వైముఖ్యంతో ఇంగ్లండు 1752 వరకు దానిని స్వీకరించలేదు. ఆ ఏడు సెప్టెంబరు 2 మరునాటిని 14గా లెక్కించి సరిదిద్దుకున్నది. నేటి లెక్కలో చూస్తే కుట్ర బయటపడినది నవంబరు 15న. మనిషి లెక్క మార్చుకోగానే కదిలిపోయే తేదీ మన తఖ్దీర్‌ను ఎలా మోయగలదు?

“అవి మనుషుల లెక్కలు హజరత్, సఫర్ చంద్రుని లెక్క కదా!” అన్నది దాదీమా. న్యాయమైన మాటే. అప్పుడు మేము ఆమెకు మదీనా ముచ్చట చెప్పాము.

హిజ్రీ 10లో దైవప్రవక్త (స) వారి పసిబిడ్డ ఇబ్రాహీం కన్నుమూశాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణానికే సూర్యుడు చీకటిపడ్డాడని జనం అనుకున్నారు. దుఃఖంలో ఉన్న తండ్రికి ఆ మాట ఎంత ఊరట! కాని ఆయన దానిని అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలేననీ, ఎవరి చావు కోసమో పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ, గ్రహణం చూసినప్పుడు నమాజు వైపు మరలాలనీ బోధించారు. బిడ్డ కోసం ఆయన కన్నీరు పెట్టారు. ఆ కన్నీటికి ఆకాశాన్ని సాక్ష్యం పిలువలేదు. సఫర్‌లో అపశకునం లేదని తెలిపినదీ ఆయనే. షవ్వాల్‌లో పెళ్ళి కీడని అరబ్బులు భయపడే రోజుల్లో హజ్రత్ ఆయిషా (ర) వివాహం షవ్వాల్‌లోనే జరిగింది.

ఆమె చాలాసేపు మౌనంగా ఉన్నది. “మరి నా బిడ్డకు అలా ఎందుకయింది?” అన్నది చివరికి. ఎందుకో అల్లాహ్‌కే తెలుసునని, ఆ నెల మాత్రం చేయలేదని చెప్పాము. “ఇన్నేళ్ళూ ముహూర్తం చూడక నేనే దాని గొంతు కోశాననుకున్నాను” అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నది. మూఢనమ్మకం భవిష్యత్తును భయపెట్టడమే కాదు, గతాన్ని కూడా నేరంగా మారుస్తుందని మాకు ఆనాడు తెలిసింది.

శుక్రవారమే నికాహ్ జరిగింది. ఖుత్బా మేమే చదివాము.

మరునాడు ఆ విద్యార్థికి జవాబు చెప్పాము: “బాబూ, రోజులన్నీ అల్లాహ్‌వే. అందులో మనం చేసేదే మంచీ చెడూ.”

మన ఇళ్ళను శకునాల భయం నుంచి, ఒకరి తప్పును పదిమందికి పూసే అలవాటు నుంచి అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.