ఎవరి సంతకము?

విద్యాలయములు, ప్రార్థనామందిరములు వంటి తావులలో వలస అధికారుల చర్యలను పరిమితము చేయు విధానమును 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వము రద్దు గావించినది. నేడు అధికారులు విద్యార్థి వసతిగృహపు తలుపు తట్టినచో ముందుగా ఎదురుపడువాడు విశ్వవిద్యాలయాధ్యక్షుడు కాడు, రాత్రి కాపలాదారు. ధర్మసూక్ష్మమును తేల్చు భారము అతనిపై మోపుట న్యాయమా?

ప్రైవేటు విశ్వవిద్యాలయము తన ఆవరణకు తానే యజమాని. కావున నియమమును ముందే వ్రాసి యుంచవలెను. వారంటుపై సంతకము న్యాయమూర్తిదైనచో తలయొగ్గవలసినదే. వలస శాఖాధికారిదైనచో అది నిర్బంధమునకు ఆధారము కావచ్చును గాని, అనుమతి లేక వసతిగృహమున ప్రవేశించుటకు చాలదనునది రాజ్యాంగపు 4వ సవరణపై నిలిచిన చిరకాల సూత్రము. కాపలాదారు అడ్డుపడరాదు, అబద్ధమాడరాదు. అనుమతించు అధికారము తనకు లేదని చెప్పి విశ్వవిద్యాలయ న్యాయవాదిని పిలువవలెను.

విద్యార్థుల పత్రములకు 1974 నాటి చట్టము రక్షణ నిచ్చుచున్నది. అయినను విదేశీ విద్యార్థుల వీసా వివరములను ప్రభుత్వమునకు తెలుపక తప్పదు. ఈ పరిమితిని సైతము విద్యార్థులకు దాచక చెప్పుటయే నిజాయితీ.

మన తెలుగు బిడ్డలెందరో అచట చదువుచున్నారు. చేర్చుకొనునాడు వారి ప్రతి కాగితమును శ్రద్ధగా పరిశీలించిన విద్యాలయము, ఈ ఒక్క కాగితమును చదువక తలుపు తీయరాదు.