ముండ్ల కిరీటము పట్టిన రాజు

పదునేడవ శతాబ్దమున ఐరోపాఖండమందు రాజుల యొక్కయు, మతాచార్యుల యొక్కయు రూపములను రాగిరేకులపై చెక్కి, కాగితములపై అచ్చొత్తి విక్రయించుచుండిరి. చరిత్రకారులు బరోక్ యుగమని పేర్కొను కాలమది. ఆ బొమ్మలలో ముఖ మొక్కటియే యుండదు. పుఱ్ఱె మరణమును, ఇసుక గడియారము గడచిపోవు కాలమును, ఖర్జూరపు మట్ట హతసాక్షుల విజయమును సూచించును. చూచువారు వీనిని అక్షరములవలె చదువుకొనెడివారు. ఇట్టి గుఱుతులు భక్తికి తోడ్పడునని మేమును ఒప్పుకొందుము. అయినను అవి ఎవరి పక్షమున పలుకుచున్నవో విచారింపక అంగీకరించుట తగదని మా యభిప్రాయము.

ఇందులకు ఇంగ్లండు దేశపు చిత్ర మొకటి చాలును. 1649 జనవరి 30వ తేదీన మొదటి చార్లెస్ రాజునకు లండనులో శిరచ్ఛేదము గావించిరి. వెంటనే "ఐకన్ బసిలికీ" యను గ్రంథము వెలువడెను. గ్రీకు భాషలో ఈ పేరునకు రాజప్రతిమ యని యర్థము. రాజు స్వయముగా వ్రాసిన ప్రార్థనలును తలంపులును అని దానిని ప్రకటించిరి. అది తన రచనయే యని జాన్ గాడెన్ అను మతాచార్యుడు తరువాత చెప్పుకొనెను. ముఖచిత్రమును చెక్కినవాడు విలియం మార్షల్.

అందు రాజు మోకాళ్లూని యున్నాడు. భూలోక కిరీటము పాదముల చెంత పడియున్నది. దానికి లాటిన్ భాషలో "వ్యర్థము" అని పేరు. చేతనున్న ముండ్ల కిరీటము "కృప". పైన వెలుగుచున్న కిరీటము "మహిమ". రాజు కన్నులు దానివైపే యున్నవి. వెలుపల తుఫానులో కదలని బండయు, బరువులు వ్రేలాడుచున్నను ఎదుగు ఖర్జూర వృక్షమును గలవు. మార్షల్ గొప్ప పనివాడేమియు కాడు. 1645లో జాన్ మిల్టన్ కవితల సంపుటికి ఆ కవి రూపమును చెక్కగా, అది తన్ను పోలియుండలేదని మిల్టన్ గ్రీకున ఎగతాళి పద్యము వ్రాసి యిచ్చెను. గ్రీకు రాదు కాబోలు, మార్షల్ దానినిగూడ బొమ్మక్రింద చెక్కిపెట్టెను!

మా యాక్షేపణ పనితనమును గూర్చినది కాదు. తన ప్రజలపైనే యుద్ధము చేసెనని రాజుపై నేరము మోపిరి. అది సత్యమా, యసత్యమా యని ఈ చిత్రము వాదింపదు. ముండ్ల కిరీటమును చూపి ఆ ప్రశ్ననే అణచివేయును. క్రీస్తు ప్రభువు ఏ నేరమును లేకయే దానిని ధరించెను. వేరొకని చేత నుంచినప్పుడు ఆ నిర్దోషత్వమును వానికి అంటుకొనును. ప్రతి విశ్వాసియు తన సిలువ నెత్తుకొనవలెను గదా, రాజునకేల తగదని కొందఱు అడుగవచ్చును. ఎత్తుకొనుట వేఱు, ఎత్తుకొన్నట్లు పక్షమువారు అచ్చొత్తించి పంచుట వేఱు.

ఆ యక్టోబరులోనే మిల్టన్ "ఐకనోక్లాస్టీస్" అను గ్రంథమున ఈ బొమ్మను నాటకపు వేషముతో పోల్చి ఖండించెను. ఫలింపలేదు. రాజు పుస్తకము ఆ యేటనే ముప్పదికి పైగా ముద్రణలు పొందెను. 1660లో మిల్టన్ గ్రంథమును తలారిచేత కాల్పించిరి. హతసాక్షియైన రాజు కొఱకు ఏర్పఱచిన ఆరాధన 1662 నాటి ఆంగ్ల ప్రార్థన గ్రంథమునకు చేర్చబడి 1859 వఱకు నిలిచెను. ఒక బొమ్మకు ఎంత బలము!

అదే 1649లో పారిసున క్లాడ్ మెలాన్ వెరోనికా వస్త్రముపై ప్రభువు ముఖమును చెక్కెను. నాసికాగ్రమున మొదలై చుట్లు చుట్లుగా వెలుపలికి సాగు ఒకే గీత యది. అది లావెక్కిన చోట నీడ, సన్నగిలిన చోట వెలుగు. ముండ్లును రక్తబిందువులును అట్లే యేర్పడినవి. ఇందు ముండ్ల కిరీటము ప్రభువు శిరస్సుననే యున్నది. దీని అచ్చుప్రతి లభించిన యెడల మన విద్యార్థులు భూతద్దము పట్టుకొని, ఆ గీతవెంట ముక్కుకొననుండి అంచు వఱకు పోయి చూతురు గాక.