వకీలు కాకుండానే చట్టం చదువు: అమెరికా పారాలీగల్ డిగ్రీ ఎవరికి పనికొస్తుంది?

అమెరికాలో స్థిరపడిన తెలుగు, హైదరాబాదీ కుటుంబాల్లో చదువు అంటే ఇప్పటికీ కంప్యూటరే. భర్త సాఫ్ట్‌వేర్‌లో ఉంటే భార్య కూడా ఏదో టెస్టింగ్ కోర్సు చేసి అదే దారి పట్టాలనుకోవడం మామూలు. ఐటీ ఉద్యోగాలు ఊగిసలాడుతున్న ఈ రోజుల్లో మరో దారి గురించి కూడా ఆలోచించాలి. అది ఇంటి దగ్గరి కమ్యూనిటీ కాలేజీలో పార్ట్ టైమ్‌గా చదవగలిగే పారాలీగల్ డిగ్రీ. దారి మంచిదే, కానీ మధ్యలో గుంతలున్నాయి.

పారాలీగల్ అంటే వకీలు కాదు, ఉత్త గుమాస్తా కూడా కాదు. కేసు కాగితాలు పోగు చేయడం, పాత తీర్పులు వెతకడం, పిటిషన్ చిత్తుప్రతి రాయడం, కోర్టు గడువులు దాటిపోకుండా చూడటం వీళ్ల పని. అంతా వకీలు పర్యవేక్షణలోనే జరగాలి. అమెరికా కార్మిక గణాంక శాఖ లెక్క ప్రకారం 2024 మే నాటికి ఈ ఉద్యోగుల మధ్యస్థ వార్షిక జీతం సుమారు 61 వేల డాలర్లు. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే. కానీ లా స్కూల్ అప్పు లేకుండా వచ్చే జీతం ఇది.

ఎన్నేళ్లు, ఎంత ఖర్చు?

అసోసియేట్ డిగ్రీకి సాధారణంగా 60 క్రెడిట్లు కావాలి. ఉద్యోగం, పిల్లలు చూసుకుంటూ సెమిస్టర్‌కు రెండు సబ్జెక్టులు, అంటే 6 క్రెడిట్లు తీసుకుంటే పది సెమిస్టర్లు పడతాయి. వేసవిలో కూడా చదివితే మూడున్నరేళ్లు, లేకపోతే ఐదేళ్లు. 'రెండేళ్ల డిగ్రీ' అన్న మాట ఫుల్ టైమ్ వాళ్లకే వర్తిస్తుంది. ఈ లెక్క ముందే వేసుకోని వాళ్లు సగంలో ఆగిపోతారు.

ఫీజు మాత్రం అందుబాటులోనే ఉంటుంది. కాలేజ్ బోర్డ్ అంచనా ప్రకారం 2024-25లో స్థానికులకు కమ్యూనిటీ కాలేజీ ఫుల్ టైమ్ ట్యూషన్ సగటు ఏడాదికి దాదాపు 4,050 డాలర్లు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు ఆదాయాన్ని బట్టి పెల్ గ్రాంట్ అడగవచ్చు. పార్ట్ టైమ్ వాళ్లకు కూడా ఆ మేరకు తగ్గించి ఇస్తారు. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకు ఆ సాయం లేదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇండియాలో బీకామో, బీఏనో పూర్తి చేసి వెళ్లినవాళ్లు మళ్లీ మొదటి నుంచి 60 క్రెడిట్లు చదవాల్సిన పని ఉండకపోవచ్చు. డిగ్రీ ఉన్నవాళ్ల కోసం చాలా కాలేజీల్లో విడిగా పారాలీగల్ సర్టిఫికెట్ కోర్సులున్నాయి. పాత డిగ్రీకి గుర్తింపు మదింపు చేయించుకుని వెళితే ఏళ్లు కలిసొస్తాయి.

తిరకాసు ఎక్కడ?

మొదటిది కోర్సు గుర్తింపు. అమెరికన్ బార్ అసోసియేషన్ కొన్ని పారాలీగల్ కోర్సులను మాత్రమే ఆమోదిస్తుంది. ఆమోదం లేనంత మాత్రాన కోర్సు దండగ అనలేం, కానీ ఆ ఆమోదం ఉన్న కోర్సు కోరే యాజమాన్యాలున్నాయి. చేరకముందే తమ ఊరి ఉద్యోగ ప్రకటనలు నాలుగు చదవడం మేలు. తర్వాత నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లే ఆలోచన ఉంటే ఎన్ని క్రెడిట్లు బదిలీ అవుతాయో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

రెండోది వీసా. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఫుల్ టైమ్ చదవాల్సిందే. హెచ్-4 మీద పార్ట్ టైమ్ చదవొచ్చు, కానీ పని అనుమతి లేకుండా జీతం తీసుకోకూడదు. హెచ్-4 వాళ్లలో కొందరికి 2015 నుంచి పని అనుమతి దొరుకుతోంది. అదీ చాలావరకు భర్త లేదా భార్య గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. అది చూసుకోకుండా చేరితే చేతిలో డిగ్రీ ఉంటుంది, ఉద్యోగం ఉండదు.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. డిగ్రీ వచ్చింది కదా అని మసీదులోనో, గుడిలోనో, వాట్సాప్ గ్రూపులోనో డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహాలు ఇస్తే అది చట్టవిరుద్ధం. లైసెన్సు లేకుండా వకాల్తా చేసినట్టే లెక్క. నష్టం సలహా ఇచ్చినవాళ్లతో ఆగదు. తప్పు ఫారం వేసిన కుటుంబం దేశం విడిచి పోవాల్సి రావచ్చు. సేవ చేయాలనుకునే వాళ్లకు సరైన దారి ఉంది. అమెరికా న్యాయశాఖ గుర్తించిన లాభాపేక్ష లేని సంస్థల్లో చేరి, 'అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్'గా అనుమతి పొందితే వకీలు కాకపోయినా ఇమిగ్రేషన్ కేసులు చూడొచ్చు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ వచ్చిన మనిషికి అక్కడ విలువ ఉంటుంది.

ఏఐ భయం కూడా కొట్టిపారేసేది కాదు. 2023 నుంచి 2033 వరకు ఈ రంగంలో ఉద్యోగాల పెరుగుదల 1 శాతమేనని అదే గణాంక శాఖ అంచనా వేసింది. పత్రాలు జల్లెడ పట్టే పని యంత్రం చేస్తోంది. భయపడిపోయిన కక్షిదారుతో అతని భాషలో మాట్లాడి అసలు విషయం రాబట్టే పని మాత్రం ఇంకా మనిషిదే.

మరి ఇక్కడ?

మన దగ్గర ఉద్యోగం చేసుకుంటూ చట్టం చదవడం కష్టం. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం లా క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. దూరవిద్యలో ఎల్ఎల్‌బీ చదివితే వకీలుగా నమోదు కాలేరు. ఇంటర్ పాసైన వాళ్లకు ఇగ్నోలో పారాలీగల్ డిప్లొమా ఉంది. జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. అయితే వాళ్లకు ఇచ్చేది గౌరవ వేతనమే తప్ప జీతం కాదు.

అవసరం మాత్రం కొండంత ఉంది. 2025లో వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించాలని కేంద్రం ఆరు నెలల గడువు పెట్టింది. ఉర్దూ, ఫార్సీ పాత దస్తావేజులు చదివి, సర్వే నంబర్లు సరిచూసి, కంప్యూటర్‌లో ఎక్కించగలిగే మనుషులు ఎంత అవసరమో అప్పుడు తెలిసొచ్చింది. భరణం, వారసత్వం, పింఛను కేసుల్లోనూ అదే మాట. 15100కు ఫోన్ చేస్తే ఉచిత న్యాయసాయం దారి చెబుతారన్న సంగతి తెలియని ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి.

వకీలుకూ సామాన్యుడికీ మధ్య నిలబడే మనిషికి అమెరికా ఒక చదువు, ఒక జీతం, ఒక హద్దు ఏర్పాటు చేసింది. ఇక్కడ ఆ పనిని సేవ అంటున్నారు, గౌరవ వేతనంతో సరిపెడుతున్నారు. మన డిగ్రీ కాలేజీల్లో సాయంత్రం పూట తెలుగు, ఉర్దూల్లో ఇలాంటి కోర్సు పెట్టి, న్యాయసేవల సంస్థల్లో జీతంతో కూడిన పోస్టులకు ముడిపెడితే కాలేజీకీ లాభమే, కచేరీల చుట్టూ తిరిగే పేదలకూ లాభమే. అడగాల్సింది ప్రజాప్రతినిధులను, అదీ ఎన్నికలు వచ్చేదాకా ఆగకుండా.