కొత్త టీవీ కొన్నారా? ‘రంగమార్తాండ’ పెట్టి చూడండి

కొత్త టీవీకో, సౌండ్‌బార్‌కో టెస్టింగ్ అంటే మనోళ్లు ముందు పెట్టేది ‘ఆర్‌ఆర్‌ఆర్’ ఫైట్, లేదంటే ‘కేజీఎఫ్’. సూర్యాపేటలో నా ఫ్రెండ్స్ అయినా, కోదాడ, మిర్యాలగూడ నుంచి మెసేజ్ పెట్టే తమ్ముళ్లయినా అదే లైన్. బేస్‌కి కిటికీ అద్దాలు ఊగితే పైసా వసూల్! నేనైతే ‘రంగమార్తాండ’ పెడతా. మీలో చాలామంది స్కిప్ కొట్టిన సినిమా.

2023 ఉగాదికి వచ్చింది. కృష్ణవంశీ డైరెక్షన్, ఇళయరాజా మ్యూజిక్. నానా పటేకర్ చేసిన మరాఠీ ‘నటసామ్రాట్’కి రీమేక్. రంగస్థల నటుడు రాఘవరావు (ప్రకాశ్‌రాజ్) రిటైరై, ఆస్తి పిల్లలకు పంచేసి, తర్వాత వాళ్ల ఇళ్లల్లో ఇమడలేక నలిగిపోతాడు. ‘ముసలోళ్ల ఏడుపు’ అని పక్కన పెట్టేయడానికి ఈ ఒక్క లైన్ చాలు. కానీ చివరి వరుసకి వినపడాలని జీవితమంతా పెంచుకున్న గొంతుని ఇంట్లో తగ్గించుకొమ్మంటే మనిషి ఏమైపోతాడు? నాకు సినిమా అంతా అదే కనిపించింది.

ఇక బ్రహ్మానందం. ఈయన మొహాన్ని మనం రోజూ వాట్సాప్ స్టిక్కర్లుగా పంపుకుంటాం. ఇందులో చక్రపాణిగా స్నేహితుడిని ఆటపట్టిస్తూ నవ్విస్తాడు, ఆస్పత్రి సీన్‌కి వచ్చేసరికి ఆ స్టిక్కర్ మొహం గుర్తుకే రాదు. ఆ సీన్‌కి బేస్ బూస్ట్ ఆపేయండి. మాట స్పష్టంగా వినపడకపోతే ఆ సౌండ్‌బార్ ఎన్ని వాట్లున్నా దండగే. ‘నేనొక నటుడ్ని’ అంటూ చిరంజీవి చెప్పిన షాయరీ కూడా గొంతు టెస్ట్‌కి బెస్ట్. రమ్యకృష్ణకి మాటలు తక్కువ, అన్నీ కళ్లతోనే.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. పిల్లల పాత్రలు మరీ ఏకపక్షం. సెకండాఫ్‌లో కన్నీళ్ల డోసు ఎక్కువైంది.

ఇది నచ్చి, నాటకాలోళ్ల మీద ఇంకాస్త కామెడీ కావాలంటే ‘స్లింగ్స్ అండ్ ఆరోస్’ వెతకండి. 2003లో మొదలైన కెనడా టీవీ సిరీస్, 3 సీజన్లు, 18 ఎపిసోడ్లే. చచ్చిపోయిన పాత డైరెక్టర్ దెయ్యమై వచ్చి కొత్త డైరెక్టర్‌ని సతాయిస్తుంటాడు. డబ్బులొచ్చే మ్యూజికల్స్ ముద్దు అనే మేనేజర్ ఇంకో తలనొప్పి. సీజన్‌కో షేక్‌స్పియర్ నాటకం: హామ్లెట్, మాక్‌బెత్, మూడోదానిలో కింగ్ లియర్. కూతుళ్లకు రాజ్యం పంచి రోడ్డున పడ్డ ఆ రాజు ఛాయలే ‘నటసామ్రాట్’లోనూ ఉన్నాయి. కాబట్టి రాఘవరావుని చూసిన వెంటనే మూడో సీజన్ మీదికి దూకాలనిపిస్తుంది. వద్దు, మొదటి నుంచే చూడండి. పిక్చర్ పాతకాలం నాటిది, 4కే మెరుపులు ఆశించకండి.