గీత గీస్తే తెలిసింది

మా మనవరాలు తొమ్మిదో తరగతి. సోషల్ ప్రాజెక్టుకు ‘మన దేశంలో అక్షరాస్యత’ అంశం ఇచ్చారట. పొద్దున్నే చార్టు పట్టుకుని వచ్చింది. 1951 నుంచి 2011 దాకా ఏడు జనాభా లెక్కలు, ఏడు పై చార్టులు. స్కెచ్ పెన్నులన్నీ ఖాళీ!

‘‘ఎలా ఉంది తాతయ్యా?’’

‘‘రంగులు బ్రహ్మాండం. ఇంతకీ ఏం తెలిసింది?’’

‘‘అందరూ బాగా చదువుకుంటున్నారు.’’

చాలా ఇళ్లలో ఇదే తంతు. ప్రాజెక్టంటే బొమ్మల పోటీ అనుకుంటాం. కచ్చితమైన అంకె కావాలంటే పట్టిక చూడాలి. మొత్తంలో ఎవరి వాటా ఎంతో చెప్పడానికి పై చార్టు. రాష్ట్రాలను పోల్చాలంటే బార్ గ్రాఫ్. దాని స్కేలు సున్నా నుంచే మొదలవ్వాలి, లేకపోతే గోరంత తేడా కొండంత కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ వచ్చిన మార్పు చూడాలంటే మాత్రం గీత గ్రాఫే.

ఇద్దరం కూర్చుని మగవాళ్లకో వరస, ఆడవాళ్లకో వరస పెట్టి పట్టిక వేశాం. గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా శాతాలు. 1951లో మగవాళ్ల గీత 27 దగ్గర, ఆడవాళ్లది 9 దగ్గర మొదలయ్యాయి. రెండూ పైకే వెళ్తున్నాయి. 1981 దగ్గర మనవరాలి పెన్సిల్ ఆగింది. అక్కడ 56, 30.

‘‘తాతయ్యా, మధ్యలో ఎడం పెరిగిందేంటి?’’

నిజమే. 18 ఉన్న తేడా 26 దాటింది. 2011లో 81, 65. అప్పటికి తేడా 16కు తగ్గింది. ఏడు పై చార్టుల్లో ఈ సంగతి ఎక్కడా లేదు.

పట్టిక కింద ఒక గమనిక కూడా రాయించాను. 1971 వరకూ ఐదేళ్లు, ఆపై వయసువాళ్లను లెక్కగట్టారు. 1981 నుంచి ఏడేళ్లు, ఆపైవాళ్లను. కొలత మారినప్పుడు చెప్పకుండా గీత కలిపేస్తే చూసేవాళ్లను మోసం చేసినట్టే. అయితే ఎడం పెరగడానికి కారణం కొలత మారడం కాదు. పాత కొలతతోనే 1961 నాటికి తేడా 25 అయింది.

ఆ ఎడం నాకు కొత్త కాదు. మా అక్క నన్ను చెయ్యి పట్టుకుని బడి గుమ్మం దాకా దింపి, ఇంటిపనికి వెనక్కి వెళ్లేది. ఆమెకు చివరిదాకా వేలిముద్రే.

ఆ మాట చెప్పాక, గ్రాఫ్ కింద ఏం రాయాలని మనవరాలు నన్నడగలేదు. తనే రాసుకుంది.

ఈసారి మీ పిల్లలు చార్టు తెచ్చి చూపిస్తే రంగులు మెచ్చుకోండి. ‘ఇది చూస్తే ఏం తెలుస్తోంది?’ అని కూడా అడగండి.