వసారాలో పంజరము

కుటుంబములను దర్శించుటకు వెళ్లినప్పుడు అనేక ఇండ్లలో మమ్మును మొదట పలకరించేది చిలుకే. వసారా దూలమునకు వ్రేలాడే ఇనుప తీగల పంజరము, సగము కొరికిన పచ్చిమిరపకాయ, అడుగున పాత వార్తాపత్రిక. రామచిలుక మన ఇంటిలో ఎంతగా కలిసిపోయినదంటే, అది అడవి పక్షి అన్న సంగతే మరచిపోయాము. చెట్టు తొర్రలో నుండి ఈకలు రాని పిల్లలను దొంగిలించి తెచ్చి అమ్ముదురు. దారిలో చచ్చేవాటిని ఎవరును లెక్కించరు.

యిర్మీయా గ్రంథము ఐదవ అధ్యాయములో పిట్టలతో నిండిన పంజరము మోసముతో నిండిన ఇండ్లకు పోలిక. అక్కడ పంజరము వేటగాని సామాను, వసారాకు అలంకారము కాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, ఇంట ఉంచుట నేరము. 2022లో సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలు చేసిన చట్టములో రామచిలుక రెండవ షెడ్యూలులో ఉన్నది. జోస్యము చెప్పేవాని చిలుకకును మినహాయింపు లేదు.

ఒక వృద్ధ తల్లి మమ్మును అడిగిన ప్రశ్న ఇది: "అయ్యగారూ, ఇది నేరమట. మా అబ్బాయి మేడ మీదికి తీసుకుపోయి వదిలేస్తానంటున్నాడు. పదకొండేండ్లు నా చేతి అన్నమే తిన్నది. బయట బ్రతుకుతుందా?"

"బ్రతకదమ్మా" అన్నాము. కుమారుని మాట న్యాయమే, పద్ధతి మాత్రము కాదు. రెక్కలు కత్తిరించిన చిలుక నాలుగు గజములు ఎగిరి పడిపోవును. ఎగరక ఎగరక దాని కండలు చచ్చుబడి యుండును. మేత వెదకుట తెలియదు, పిల్లిని చూచి భయపడదు, కాకులు పొడిచి చంపును. అటవీ శాఖవారికి అప్పగించుటే మార్గము. విశాలమైన చోట ఎగరనిచ్చి, బలము వచ్చిన తరువాతనే దానిని విడువవలెను. కొన్నిటికి ఆ బలము ఎన్నటికిని రాదు. ఆమె చాలాసేపు మాటలాడలేదు. తరువాత, "వాళ్లు దానికి జామకాయ పెడతారా?" అని మాత్రము అడిగినది.

పిల్లలు పక్షి కావాలని మారాము చేసే ఇండ్లు ఉన్నవి. ఆస్ట్రేలియా బడ్జీలు, ఆఫ్రికా లవ్‌బర్డ్స్ తరతరములుగా మనుష్యుల వద్దనే పుట్టుచున్నవి గనుక వాటి సంగతి వేరు. అయినను ఒంటరిగా ఒక్కదానిని తేవద్దు, అవి గుంపు పక్షులు. గుండ్రని గోపురపు పంజరము చూచుటకే అందము. పక్షి అడ్డముగా ఎగురును గనుక ఎత్తుకంటె వెడల్పు ముఖ్యము. నున్నని ప్లాస్టిక్ కడ్డీకి బదులు లావు, సన్నము కలిసిన జామ కొమ్మలు కట్టండి, కాళ్లు పుండ్లు పడవు. వంటగదిలో ఎంతమాత్రము వ్రేలాడదీయవద్దు. నాన్‌స్టిక్ పెనము మాడినప్పుడు వచ్చే ఆవిరి మనకు తెలియకుండగనే పక్షిని చంపును.