బారాటాంగ్‌కు బండెక్కకండి

అండమాన్ టూర్ ప్యాకేజీల్లో బారాటాంగ్‌కు ఒక రోజు కేటాయించి ఉంటుంది. తెల్లవారుజామున మూడింటికే లేపి బండెక్కిస్తారు. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం, మడ అడవుల్లో స్పీడ్‌బోటు అని కాగితం మీద ఉంటుంది. కాగితం మీద లేని సంగతి ఏజెంటు గొంతు తగ్గించి చెబుతాడు: "అదృష్టం ఉంటే దారిలో జరవాలు కనిపిస్తారు సార్." ఆ మాటకే సీట్లు నిండుతున్నాయి. జరవాలంటే ఆ అడవిలో బతికే ఆదివాసులు. మనుషుల్ని చూపించి సొమ్ము చేసుకోవడం ఇది. అమ్మేవాడికి సిగ్గు లేదు సరే, కొనేవాడికి ఏమైంది?

గుహల కోసమే వెళ్తున్నామని బుకాయించొద్దు. సున్నపురాయి గుహలే కావాలంటే మనకు బొర్రా లేదా? బెలుం లేదా? నంద్యాల జిల్లాలో భూమి కింద మూడు కిలోమీటర్లకు పైగా సాగిన బెలుంను కన్నెత్తి చూడనివాడు, సముద్రం దాటిపోయి, ఇంకొకరి అడవిలోంచి దూసుకుపోయి, అంతకన్నా చిన్న గుహలో సెల్ఫీ దిగి వస్తాడట! ఇక ఆ అగ్నిపర్వతమంటారా, బుడగలొచ్చే బురద దిబ్బ.

శ్రీ విజయపురం (మొన్నటిదాకా పోర్ట్ బ్లెయిర్) నుంచి బయల్దేరిన బళ్లన్నీ జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బారులు తీరతాయి. గేటెత్తగానే కాపలాతో కాన్వాయ్ కదులుతుంది. అక్కణ్నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా, దాదాపు 50 కిలోమీటర్లు, జరవాల రిజర్వు. బండి ఆపొద్దు, ఫొటో తీయొద్దు, తిండి ఇవ్వొద్దు. ఆ బోర్డులు చదివిన కళ్లే మరుక్షణం కిటికీ అద్దానికి అతుక్కుంటాయి. తిండి ఆశ చూపి జరవా స్త్రీల చేత పర్యాటకుల ముందు ఆడించిన వీడియో 2012 జనవరిలో బయటపడింది. దేశమంతా ఛీ కొట్టింది. ఆ తర్వాత? దేశమంతా మళ్లీ టికెట్లు కొంది.

రిజర్వులోంచి పోయే రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. రెండు దశాబ్దాలు దాటాయి, రోడ్డు మూయలేదు. 2013 జనవరిలో అదే కోర్టు పర్యాటకులను ఆపమంది. రెండు నెలలు తిరగకుండానే ఆ ఆంక్ష కూడా ఎగిరిపోయింది. అత్యున్నత న్యాయస్థానం మాట కన్నా గుహల టికెట్టుకే ఎక్కువ విలువ అన్నమాట.

"వాళ్లే కదండీ రోడ్డు మీదికి వస్తున్నారు" అంటారు కొందరు పెద్దమనుషులు. రోడ్డెక్కడిది? వాళ్ల వేట అడవిని కోసి వేసింది. వేస్తున్నన్నాళ్లూ వాళ్లు బాణాలతో ఎదిరించారు. 1997 చివర్లో గానీ ఆయుధాలు లేకుండా బయటికి రాలేదు. వచ్చిన రెండేళ్లకే, 1999లో, తట్టు సోకింది. మొత్తం కలిపి కొన్ని వందల మందే ఉన్న జాతి. మనకు రెండు రోజుల జ్వరమో దగ్గో అనిపించేది వాళ్లలో ఒక తరాన్నే తుడిచిపెట్టగలదు.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. పక్కనే గ్రేట్ అండమానీలనే మరో ఆదివాసులు ఉన్నారు. 1858లో బ్రిటిష్‌వాళ్లు ఖైదీల వలస పెట్టేనాటికి వేలల్లో ఉండేవారు. తట్టు, సిఫిలిస్, మద్యం, పొగాకు వరసగా దిగాయి. 1961 జనాభా లెక్కల్లో తేలింది 19 మంది! 2010లో వాళ్లలో బోవా సీనియర్ అనే ముసలామె చనిపోతే ఆమెతో బో భాషే పోయింది. చివరి ఏళ్లలో ఆ భాషలో ఆమెకు బదులు పలికే మనిషి లేడు. ఆ కథంతా మ్యూజియంలో చదివి, "అయ్యో పాపం" అని, మర్నాడు మూడింటికి అలారం పెట్టుకుంటాం.

మరి రిజర్వు అవతల రంగత్, మాయాబందర్‌లలో స్థిరపడి ఆ రోడ్డు వాడుకునేవాళ్ల మాటేమిటంటారా? న్యాయమైన ప్రశ్నే. ద్వీపాల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు అని 2011 లెక్కలు చెబుతున్నాయి. అక్కడ బతుకుతున్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మంచి ఓడలు, దగ్గర్లో మంచి ఆసుపత్రి ఇవ్వాల్సిన ప్రభుత్వం రోడ్డు చూపించి చేతులు దులుపుకుంది. ఆ పోరు వాళ్లతో కలిసి చేద్దాం. కానీ నొప్పులు పడుతున్న గర్భిణిని తీసుకెళ్లే బండికీ, హైదరాబాద్ నుంచి ఎల్‌టీసీ మీద దిగిన కుటుంబం ఎక్కిన ఇన్నోవాకూ తేడా తెలియనట్టు నటించకండి. స్థానికుల అవసరం వెనక దాక్కుని మన సరదా గేటు దాటుతోంది. పర్యాటకుల బళ్లను రేపటి నుంచే ఆపొచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త కమిటీ అంతకన్నా అక్కర్లేదు.

పాలకులు ఆపరని తేలిపోయింది కాబట్టి అడుగుతున్నది మిమ్మల్నే. సెల్యులార్ జైలు చూడండి, రాస్ ద్వీపం చూడండి, హేవ్‌లాక్‌లో సముద్రంలో మునిగి తేలండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ప్లానులో బారాటాంగ్ అన్న లైను మాత్రం కొట్టేయించండి. ఎందుకని అడిగితే కారణం చెప్పండి, మొహమాటపడకుండా. ఆ రోజు డబ్బులు కూడా తగ్గించమనండి. బేరం పోతుందనుకుంటే తగ్గిస్తాడు.